“అన్నా, ఏం నేర్చుకోవాలి?” అని అడిగే ముందు: మీ ఐటీ ఉద్యోగానికి డిజైన్ గీసుకోవడం ఎలా

బెంగళూరు మారతహళ్ళిలో మన తెలుగువాళ్ళ పీజీ హాస్టళ్ళ సందు మొదట్లో ఒక దర్శిని, అంటే నిలబడి తినే టిఫిన్ హోటలు, ఉంది. ఆదివారం పొద్దున అక్కడ నిలబడి కాఫీ తాగుతుంటే ఎవరో ఒక కుర్రాడు తగులుతాడు. ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే. “అన్నా, ఇప్పుడు మార్కెట్లో ఏది నడుస్తోంది? డేటానా, క్లౌడా, ఏఐనా? ఏం నేర్చుకోమంటావ్?” మొదట్లో ఏదో ఒక పేరు చెప్పి పంపేవాణ్ణి. ఆ పేర్లలో సగం ఇప్పుడు బయటికి చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు నేనే ఎదురు ప్రశ్న వేస్తున్నాను. “ఆఫీసులో కొత్త సిస్టమ్ కట్టమంటే ముందు ఏ డేటాబేస్ అని అడుగుతావా? లేక ఇది ఎందుకు, ఎంత లోడు వస్తుంది, ఎక్కడ పడిపోతుంది అని అడుగుతావా?” క్లయింటు పనికి అంత పద్ధతిగా ఆలోచించేవాళ్ళం, సొంత ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి పక్క సీటువాడు ఏ కోర్సు కడితే అదే కడతాం. ఆఫీసులో వాడే పద్ధతినే ఇంటికి తెచ్చుకోవడం ఎలాగో కింద రాశాను. రెండు ఆదివారాల పొద్దుటి పూటలు చాలు.

కావలసినవి

- తెల్ల కాగితాలు, పెన్సిలు, రబ్బరు. ల్యాప్‌టాప్ వద్దు. డయాగ్రమ్ టూల్ తెరిచారంటే డబ్బాలకి రంగులు వేయడంతోనే పూట గడిచిపోతుంది.
- అపాయింట్‌మెంట్ లెటర్. నోటీస్ పీరియడ్ ఎంత, ఇన్నేళ్ళు మానకూడదన్న బాండ్ ఏమైనా ఉందా అన్నవి అందులోనే ఉంటాయి. చేరిన రోజు సంతకం పెట్టి మళ్ళీ చూడని కాగితం ఇది.
- 6 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్.
- మీ పనితీరుని అంచనా వేసే చివరి రెండు అప్రైజల్స్‌లో మేనేజర్ రాసిన మాటలు. రేటింగు కాదు, మాటలు.
- మొహమాటం లేకుండా మాట్లాడే మనిషి ఒకరు. మీ టీమ్‌లోవాళ్ళు కాకుంటే మేలు.

1. ముందు రిక్వైర్‌మెంట్ రాయండి

“సెటిల్ అవ్వాలి” అన్నది రిక్వైర్‌మెంట్ కాదు. “మంచి ప్యాకేజీ” కూడా కాదు. క్లయింటు మీకు అలా రాసి పంపితే తిప్పి పంపిస్తారు కదా. టెస్ట్ చేసి పాసో ఫెయిలో చెప్పగలిగేలా రాయండి. “2 ఏళ్ళలోపు చెల్లి పెళ్ళి అప్పు తీరాలి.” “రాత్రి షిఫ్టు ఉండకూడదు.” “నెలకొకసారైనా అనంతపురం వెళ్ళి రాగలగాలి.” “ఇంకో 3 ఏళ్ళకి నా డిజైన్‌ని నలుగురు రివ్యూకి తీసుకోవాలి.” ఐదారు వాక్యాలు చాలు.

తర్వాత వాటిని రెండు కుప్పలు చేయండి. తప్పనివి ఒక కుప్ప, ఉంటే బాగుండేవి ఇంకో కుప్ప. అన్నీ తప్పనివే అంటే మీరు ఇంకా ఆలోచించలేదని అర్థం.

జాగ్రత్త: అందులో మీవి ఎన్ని, చుట్టాలవి ఎన్ని అని ఒకసారి చూసుకోండి. “అమెరికా వెళ్ళాలి” అని రాసినవాళ్ళని ఎందుకు అని మూడుసార్లు అడిగితే చాలామందికి మూడో ‘ఎందుకు’ దగ్గర “మా పెదనాన్న కొడుకు వెళ్ళాడు” అన్న మాట బయటికొస్తుంది. అది తప్పని కాదు. ఎవరి రిక్వైర్‌మెంటో తెలిసి కట్టాలి, అంతే.

2. ఉన్న సిస్టమ్‌ని ఉన్నట్టు గీయండి

ఈ మొత్తంలో తొందరపడకూడని అంగ ఇదే. కాగితం మధ్యలో ‘నెల జీతం’ అని డబ్బా గీయండి. అది దేని మీద ఆధారపడింది? ఒక బాణం. ఆ డబ్బా దేని మీద ఆధారపడింది? ఇంకో బాణం. ప్రాజెక్టు, క్లయింటు, మేనేజర్, మీరు వాడే టూలు, మీ ఆరోగ్యం, ఊళ్ళో అమ్మానాన్నలని చూసుకునే మనిషి, వీసా, ఈఎమ్ఐ అన్నీ రావాలి.

మొన్నామధ్య ప్రొద్దుటూరు కుర్రాడొకడు నా ఎదురుగా కూర్చుని గీశాడు. నాలుగేళ్ళ అనుభవం, మంచి పనిమంతుడు. పదకొండు డబ్బాలు వచ్చాయి. “ఇప్పుడు ‘క్లయింటు’ డబ్బా మీద బొటనవేలు పెట్టు. దాని మీద ఆధారపడ్డవాటిని ఒక్కొక్కటీ కొట్టేయ్” అన్నాను. ప్రాజెక్టు పోయింది. మేనేజర్ కూడా అదే క్లయింటు పని చూసే మనిషి, కాబట్టి అప్రైజల్ పోయింది. క్లయింటు దేశానికి వెళ్ళి పనిచేసే ఆన్‌సైట్ అవకాశం అదే క్లయింటుది, అదీ పోయింది. వాడికి వచ్చిన టూలు ఆ క్లయింటు సొంతంగా రాసుకున్నది, బయట ఎక్కడా లేదు. పదకొండింట్లో ఎనిమిది కొట్టేశాక పెన్సిలు కింద పెట్టి, “ఇది ఒంటి స్తంభం మేడ అన్నా” అన్నాడు. ఒక్కటి పడితే అన్నీ పడిపోయే చోటు. ఆఫీసులో దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. వాడి మాటే నాకు నచ్చింది.

మీరూ ప్రతి డబ్బా మీదా వేలు పెట్టి చూడండి. మూడో, నాలుగో కూలిపోతే ఆ డబ్బా చుట్టూ రెండు గీతలు గీయండి. ఈ ఏడాది మీ పని ఆ డబ్బాతోనే. ‘ఏం నేర్చుకోవాలి’ అన్నదానికి జవాబు అక్కడి నుంచే వస్తుంది.

కంటికి కనిపించని డబ్బాలు కొన్ని ఉంటాయి, వాటిని వెతకాలి:

- సర్టిఫికేషన్ అకౌంట్లు ఆఫీసు మెయిల్‌తో తెరిచారా? చివరి రోజు ఆ మెయిల్ మూతపడుతుంది. ఈరోజే సొంత మెయిల్‌కి మార్చండి.
- పీఎఫ్ యూఏఎన్‌కి (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరుకి) ఏ ఫోన్ నంబరు ఉంది? కంపెనీ ఇచ్చిన సిమ్ అయితే మార్చుకోండి.
- మీరు నేర్చుకున్నదంతా ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే ఉందా? అయితే మీ దగ్గర లేనట్టే. ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కంపెనీ కోడ్‌నీ, క్లయింటు డాక్యుమెంట్లనీ సొంత డ్రైవ్‌లోకి పంపుకోవద్దు. అది దొంగతనం కిందికే వస్తుంది, ఉద్యోగమూ పోతుంది. క్లయింటు పేరు, డేటా లేకుండా, మీకు అర్థమైన కిటుకుని మీ మాటల్లో సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి.
- అమెరికా ప్లాన్ ఉంటే లాటరీ డబ్బా వేయండి. అక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసాల ఏడాది కోటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి అదనంగా 20,000. దరఖాస్తులు మించితే లాటరీయే. లాటరీ మీద నిలబడ్డ ప్రతి ప్లానుకీ పక్కనే రెండో దారి గీసి ఉండాలి.

నా చేత ఇలాంటి బొమ్మ ఎవరూ గీయించలేదు. మొదటి కంపెనీలో నేనూ బయట ఎక్కడా లేని ఒక సొంత టూలు మీదే నాలుగేళ్ళు గడిపాను. ఆ ఫ్లోరులో అందరూ నన్నే పిలిచేవారు, మహా గర్వంగా ఉండేది. ప్రాజెక్టు మూసేశాక బయట మొదటి ఇంటర్వ్యూలో, “జాయిన్ చేసిన టేబుల్స్‌లో క్వెరీ నెమ్మదిగా నడుస్తోంది, ముందు ఏం చూస్తారు?” అని అడిగారు. నీళ్ళు నమిలాను. మా టూల్లో దానికి ఒక బటన్ ఉండేది.

3. మారేదాన్నీ మారనిదాన్నీ విడదీయండి

ప్రోగ్రామ్ రాసేటప్పుడు తరచూ మారేదాన్ని పక్కకి పెట్టి, దాని మార్పు మిగతా కోడ్‌కి తగలకుండా చూస్తాం. మీకు వచ్చిన విద్యలకీ అదే చేయండి. కాగితానికి అడ్డంగా గీత గీసి, పదేళ్ళ తర్వాతా పనికొచ్చేవి కిందా, రెండు మూడేళ్ళకి మారిపోయేవి పైనా రాయండి.

కిందివి ఎంత గట్టివో చూడండి. డేటాని పట్టికలుగా దాచే రిలేషనల్ డేటాబేస్ ఆలోచనని ఎడ్గర్ కాడ్ అనే పరిశోధకుడు 1970లో రాశాడు. ఆ డేటాని అడిగి తెచ్చుకునే భాష ఎస్‌క్యూఎల్‌కి ప్రమాణం 1986లో వచ్చింది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే టీసీపీ/ఐపీ నియమాలకి ఇంటర్నెట్ మారింది 1983 జనవరి 1న. సర్వర్లు నడిపే లినక్స్ 1991, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ 2005. ఇవాళ్టి ఏఐ ప్రాజెక్టుల్లో కూడా వీటితోనే పని. పై అంతస్తు సంగతి వేరు. వెబ్‌పేజీల్లో యానిమేషన్లకి వాడే ఫ్లాష్ నేర్చుకుని బతికినవాళ్ళు ఎందరో ఉండేవారు, 2020 డిసెంబర్ 31తో అది ముగిసింది. వెబ్‌పేజీలు కట్టడానికి వాడే యాంగ్యులర్‌జేఎస్‌కి సపోర్ట్ 2021 డిసెంబర్ 31న ఆగింది. తర్వాత వచ్చిన యాంగ్యులర్ పేరులో చుట్టమే గానీ, దాదాపు కొత్తగా నేర్చుకోవాల్సిందే.

అలాగని పై అంతస్తు వదిలేయమని కాదు. ఇంటర్వ్యూకి పిలిచేది దాన్ని చూసే, నిలబెట్టేది మాత్రం కిందిది. నా లెక్క: నేర్చుకోవడానికి వారానికి 5 గంటలు దొరికితే 3 కిందికి, 2 పైకి. నెల రోజుల్లో ఇంటర్వ్యూ ఉంటే తారుమారు చేయండి, తర్వాత మళ్ళీ మామూలుకి రండి.

ఇప్పుడు రెజ్యూమె తీయండి. ప్రతి వాక్యం టూలు పేరుతోనే నిలబడిందా? ప్రొద్దుటూరు కుర్రాడిది ఇలా ఉండేది (రాసింది ఇంగ్లీషులోనే, భావం చెబుతున్నాను): “ఫలానా టూల్లో 4 ఏళ్ళ అనుభవం. బ్యాచ్ జాబ్స్ (వరసగా వాటంతటవే నడిచే పనులు) మానిటర్ చేశాను.” ఒక పూట కూర్చుని ఇలా మార్చాం: “రాత్రి నడిచే బ్యాచ్‌లో ఫెయిలైన జాబ్స్‌ని కారణాన్ని బట్టి మళ్ళీ నడిపే స్క్రిప్ట్ రాశాను. అంతకుముందు రాత్రి 2 గంటలకి మనిషి లేచి చేసే పని అది.” రెండో వాక్యంలోంచి టూలు పేరు తీసేసినా పని నిలబడుతుంది. మీ ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టండి.

4. పాత బాకీల చిట్టా

కోడ్‌లో తొందరకి చేసిన పనిని టెక్నికల్ డెట్ అంటాం, అంటే తర్వాత తీర్చాల్సిన బాకీ. ఆ పోలికని 1992లో ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ వాడాడు. మనకీ ఉంటాయి బాకీలు. మీటింగులో అర్థం కాకపోయినా తలూపిన మాటలన్నీ బాకీలే. ఒక వారం జేబులో కాగితం పెట్టుకుని, తలూపిన ప్రతిసారీ ఆ మాట రాసుకోండి. శుక్రవారానికి ఎక్కువసార్లు వచ్చిన రెంటిని శనివారం కూర్చుని తీర్చేయండి. కోర్సు కట్టక్కర్లేదు, ఫీజు లేదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి మొదటి వారం పదిహేడు వచ్చాయి. నాకు ఆరు. ఆ ఆరు ఏంటో చెప్పను.

5. ఖాళీ ఉంచండి

సర్వర్‌ని వంద శాతం వాడేస్తున్నాం అని ఎవరైనా మెచ్చుకుంటే మీరు నవ్వుతారు. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే ఒక్క సర్వర్ లెక్క తీసుకోండి. లోడు 50 శాతం ఉన్నప్పుడు ఒక పని సగటున తనకి పట్టే సమయమంత క్యూలో ఆగుతుంది. 80 శాతానికి ఆ నిరీక్షణ 4 రెట్లు, 90కి 9 రెట్లు, 95కి 19 రెట్లు. సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో బస్సులో కూర్చున్నవాళ్ళకి ఈ లెక్క చెప్పక్కర్లేదు.

జీతానిదీ అదే లెక్క. బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి, ఇంటికి పంపేదీ, అద్దె, ఈఎమ్ఐలూ కలిపి చూడండి. చేతికొచ్చేదాంట్లో 90 శాతం ముందే కట్టేసి ఉంటే, మీకు ఏ నిర్ణయమూ తీసుకునే వీలు లేనట్టే. చాలా కంపెనీల్లో నోటీస్ 60 నుంచి 90 రోజులు. దాని మీద ఇంకో 3 నెలలు వెతకడానికి కలుపుకుని, 6 నెలల ఖర్చు పక్కన ఉంచుకోవడం నా సలహా. అంత కుదరకపోతే ముందు 2 నెలలది పోగేయండి, అది కూడా లేకుండా 6వ అంగలోకి దిగొద్దు.

సమయానికీ అంతే. వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు, బన్నేరఘట్ట రోడ్డులో ఇల్లు పెట్టుకుని రోజుకి రెండు గంటలు చదువుతానని టైమ్‌టేబుల్ వేసినవాళ్ళని చాలామందిని చూశాను. ముందు ఇల్లు మారండి. లేదా బస్సులో చెవులతో నేర్చుకునేవి మాత్రమే పెట్టుకోండి.

6. ఒకసారికి ఒకటే మార్చండి, వెనక్కి దారి ఉంచండి

ప్రొడక్షన్‌లో, అంటే జనం వాడుతున్న అసలు సిస్టమ్‌లో, డేటాబేస్, భాష, సర్వర్, టీమ్ నాలుగూ ఒకే రాత్రి మారుస్తామంటే ఏ మేనేజరూ ఒప్పుకోడు. కానీ మనవాళ్ళు కొత్త కంపెనీ, కొత్త టెక్నాలజీ, కొత్త ఊరు, కొత్త హోదా నాలుగూ ఒకే ఆఫర్‌లో తీసుకుంటారు. బెడిసికొడితే ఏది బెడిసిందో తెలియదు.

ఇలా చేయండి:

అ) కావాల్సిన మార్పుని ముక్కలు చేయండి. ప్రొద్దుటూరు కుర్రాడి ప్లాను ఇది: మొదటి 4 నెలలు ఇప్పటి పనిలోనే స్క్రిప్టింగ్, ఎస్‌క్యూఎల్ భాగం అడిగి తీసుకోవడం. తర్వాత అదే కంపెనీలో వేరే క్లయింటుకి అంతర్గత బదిలీ. ఆ తర్వాతే బయటికి. మూడు చిన్న రిలీజులు.

ఆ) ప్రతి ముక్కకీ ‘తేడా కొడితే ఎలా వెనక్కి’ అని ఒక వాక్యం రాయండి. అంతర్గత బదిలీ నచ్చకపోతే పాత మేనేజర్ మళ్ళీ తీసుకుంటాడా? అడిగి చూడండి, అనుకోవద్దు.

ఇ) వెనక్కి దారి లేనివాటిని విడిగా రాయండి. ఆఫర్ చేతిలో లేకుండా రాజీనామా, బాండ్ మీద సంతకం, ఫ్లాట్ లోను. వీటికి మాత్రం రెండు నిద్రలు చేసి, ఇంకొకరితో రివ్యూ చేయించుకోండి. నాలుగున్నరేళ్ళు దాటినవాళ్ళు ఇంకోటి చూసుకోండి: పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా గ్రాట్యుటీ (మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) 5 ఏళ్ళ సర్వీసు మీద వస్తుంది. రెండు నెలల తొందర వల్ల అది వదులుకున్నవాళ్ళు ఉన్నారు.

బదిలీ కుదరని చిన్న కంపెనీ అయితే ఇంకో దారి ఉంది. పాతది నడుస్తుండగానే పక్కన కొత్తది కొద్దికొద్దిగా కట్టండి. కోడ్ అందరికీ తెరిచి ఉండే ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో డాక్యుమెంటేషన్ తప్పులు దిద్దడంతో మొదలుపెట్టి, తర్వాత చిన్న బగ్‌కి రండి. డబ్బు తీసుకుని బయటి పని చేయాలంటే మాత్రం మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏముందో ముందు చదవండి. రెండో చోట పీఎఫ్ కడితే అదే యూఏఎన్ కిందికి వస్తుంది, రెండు ఉద్యోగాల తేదీలు ఒకదాని మీద ఒకటి పడిన సంగతి వెరిఫికేషన్‌లో బయటపడవచ్చు.

అదే కారణంతో దొంగ ఎక్స్‌పీరియన్స్ జోలికి వెళ్ళొద్దు. “రెండేళ్ళు కలిపి పెడతాం, వెరిఫికేషన్ మేం చూసుకుంటాం” అనేవాళ్ళు ఈ ఊళ్ళోనూ ఉన్నారు, అమీర్‌పేటలోనూ ఉన్నారు. పట్టుబడితే వెనక్కి దారి లేని ఫెయిల్యూర్ అది. చేరిన ఆర్నెల్లకి కంపెనీ పంపించేసినవాళ్ళని చూశాను, ఫీజు తీసుకున్నవాడి ఫోను కలవలేదు.

7. టెస్ట్ చేయండి

రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. ‘కావాలంటే బయట దొరుకుతుంది’ అన్నది కూడా అలాంటి బ్యాకపే. 6 నెలలకొకసారి, ఉద్యోగం బాగున్నప్పుడే, ఇవి చేయండి:

- వేరే టీమ్ మిత్రుడితో గంటసేపు మాక్ ఇంటర్వ్యూ. తెలుగులో కాదు, అక్కడ మాట్లాడే భాషలోనే. తెలుగులో అద్భుతంగా చెప్పి ఇంగ్లీషులో ఆగిపోయేవాళ్ళం చాలామందిమి.
- జవాబు చెప్పలేకపోయిన మూడు ప్రశ్నలు రాసుకోండి. వచ్చే 6 నెలల సిలబస్ అదే.
- మీకు తగిన 10 ఉద్యోగ ప్రకటనలు చదివి, అడిగినవాటిలో మీకు వచ్చినవి టిక్ పెట్టండి. పోయినసారి లెక్కతో పోల్చండి.

కొందరు బయట ఆఫర్లు తెచ్చుకుని, వాటిని చూపించి ఉన్న కంపెనీలో జీతం పెంచే కౌంటర్ ఆఫర్‌కి వాడుకుంటారు. ఒకసారి పనిచేస్తుంది. రెండోసారికి హెచ్‌ఆర్ వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు, బెంగళూరు చూడ్డానికే పెద్దది.

8. లాగ్ రాయండి, అలారం పెట్టండి

ప్రతి శుక్రవారం మూడు లైన్లు: ఏం చేశాను, ఏది విరిగింది, ఎవరికి పనికొచ్చింది. అప్రైజల్ రాత్రి ఏడాదంతా గుర్తు తెచ్చుకునే తిప్పలు తప్పుతాయి.

అలారాలు ముందే రాసి పెట్టుకోండి, మనసు బాగాలేని రోజున కాదు. నావి: మూడు నెలలుగా కొత్త విషయం ఒక్కటీ లాగ్‌లో లేదు. ప్రాజెక్టు పొడిగింపు గురించి అడిగితే మేనేజర్ రెండుసార్లు మాట మార్చాడు. వారంలో మూడు రోజులు నిద్ర పట్టలేదు. వీటిలో ఏ రెండు మోగినా 7వ అంగ మొదలుపెడతాను.

ఎక్కువమంది చేసే తప్పులు

బొమ్మ గీయకుండా నేరుగా కోర్సు కొనడం అన్నిటికంటే పెద్దది. తర్వాతది, ఎప్పుడో అవసరం రావచ్చని సర్టిఫికెట్లు పోగేయడం. అక్కర పడేదాకా కట్టొద్దన్న సూత్రం కోడ్‌కి ఎంతో దీనికీ అంతే. ఆరు సర్టిఫికెట్లున్న రెజ్యూమె చూస్తే నేనైతే ‘ఇతను పని ఎప్పుడు చేశాడు’ అనుకుంటాను. మిత్రుడి బొమ్మ కాపీ కొట్టడం ఇంకో తప్పు. అతనికి హైదరాబాదులో సొంతిల్లుంది, మీకు లేదు, బాణాలన్నీ మారిపోతాయి. ఇక దెబ్బ తగిలినప్పుడు మేనేజర్‌నో, తమనో తిట్టుకుని ఊరుకుంటారు. ప్రొడక్షన్ పడిపోతే ఎవరు అని కాక ఎందుకు అని రాస్తాం కదా, అర పేజీ అలా రాయండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

6 నెలలయ్యాక పాత కాగితం చూడకుండా కొత్తది గీయండి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. రెండు గీతలు గీసిన డబ్బా మీద వేలు పెడితే ఇప్పుడు ఎన్ని కూలుతున్నాయి? ప్రొద్దుటూరు కుర్రాడికి ఎనిమిది నుంచి నాలుగుకి వచ్చింది. ఇంకా అదే కంపెనీ, జీతం కూడా పెద్దగా పెరగలేదు. కానీ కొత్త బొమ్మలో ఒక డబ్బా ఉంది, పాతదాంట్లో లేనిది: ‘నాన్న షుగర్’. “అప్పుడూ ఉందన్నా, గీయడం మర్చిపోయా” అన్నాడు. మీ కొత్త కాగితంలో అలాంటిది కనిపిస్తే మళ్ళీ 1వ అంగకి వెళ్ళి, దాన్ని తప్పనివాటి కుప్పలో రాసి, అక్కడి నుంచి దిగండి.